ఎల్‌డీటీకే ఆటో-లేయర్లు: 2డీ ప్లాట్‌ఫార్మర్ లెవెళ్ళకి ఎంతవరకు పనికొస్తాయి?

2డీ ప్లాట్‌ఫార్మర్‌లో, అంటే పక్కనుంచి చూస్తూ హీరోని దూకిస్తూ ఆడే ఆటలో, లెవెల్ గీయడం కన్నా, గీసిన లెవెల్‌ని మార్చడమే పెద్ద పని. దూకాల్సిన గొయ్యి ఒక గడి వెడల్పు ఎక్కువైందని టెస్టింగ్‌లో తేలుతుంది. గోడని ఒక్క గడి ఇటు జరపాలి, అంతే. కానీ టైల్స్ (గడికొకటిగా పేర్చే చిన్న బొమ్మలు) అన్నీ చేత్తో పెట్టిన మ్యాప్ అయితే గోడ అంచు, పై మూల, కింద లోపలి మూల, గడ్డి, దాని నీడ అన్నీ చెరిపి మళ్ళీ పెట్టుకోవాలి. మూడోసారికి డిజైనర్ "పోనీలే, ఇలాగే ఉండనీ" అనేస్తాడు. టైల్స్ పరిచే పనిని ఆటోమేట్ చేస్తే వచ్చే అసలు లాభం లెవెల్ తొందరగా తయారవడం కాదు, మార్చడానికి మనసు వెనకాడకపోవడం. ఈ పనికున్న ఉచిత టూల్స్‌లో ముందుగా చూడాల్సింది ఎల్‌డీటీకే (LDtk) అనే లెవెల్ ఎడిటర్. లోపాలు లేక కాదు, వాటి సంగతీ చెప్పుకుందాం.

దీన్ని రాసింది సెబాస్టియన్ బెనార్, డెడ్ సెల్స్ గేమ్ డిజైనర్. ఎంఐటీ లైసెన్స్ కింద సోర్స్ కోడ్‌తో సహా దొరుకుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ఇది ఎడిటర్ మాత్రమే, ఆటని నడిపే గేమ్ ఇంజన్ కాదు. లెవెళ్ళని జేసన్ (సమాచారాన్ని అక్షరాల్లో రాసే ఫార్మాట్) ఫైల్‌గా రాసిపెడుతుంది, దాన్ని చదివే బాధ్యత మీ ఇంజన్‌ది.

దీని ఆయువుపట్టు ఇంట్‌గ్రిడ్ లేయర్. అందులో బొమ్మలు ఉండవు, అంకెలే ఉంటాయి. 0 అంటే ఖాళీ, 1 గోడ, 2 కిందినుంచి దూరి పైన నిలబడే పలక, 3 ముళ్ళు, 4 నిచ్చెన. 0 తప్ప మిగతా ఏ అంకెకి ఏ అర్థం ఇవ్వాలో మీ ఇష్టం. డిజైనర్ రంగు గడులతో ఆ లేయర్ మాత్రమే గీస్తాడు. ఆ అంకెల్ని చూసి ఎక్కడ ఏ టైల్ రావాలో తేల్చే రూల్స్ విడిగా ఉంటాయి. గడి మార్చిన మరుక్షణం టైల్స్ మళ్ళీ పరుచుకుంటాయి. ఇలా రూల్స్‌తో టైల్స్ పరుచుకునే లేయరే ఆటో-లేయర్. ఒకే ఇంట్‌గ్రిడ్ నుంచి ఎన్ని ఆటో-లేయర్లైనా తీయొచ్చు: గోడలకొకటి, గోడ మీది గడ్డికొకటి, వెనక నీడలకొకటి. ఏది గోడ అన్న సమాచారం ఒకే చోట ఉంటుంది కాబట్టి బొమ్మలో గోడ కనిపిస్తూ ఆటలో హీరో అందులోంచి దూరిపోయే తరహా బగ్‌లు చాలావరకు పుట్టవు.

రూల్ అంటే చిన్న గళ్ళ నమూనా. 1×1, 3×3, 5×5, 7×7 లాంటి బేసి సైజుల్లో ఉంటుంది. నడిమి గడి మనం చూస్తున్న చోటు. చుట్టూ ఉన్న గడుల్లో ఏ అంకె ఉండాలో ఎడమ క్లిక్‌తో, ఏది ఉండకూడదో కుడి క్లిక్‌తో చెప్తాం. పట్టించుకోనక్కర్లేని గడుల్ని వదిలేస్తాం. నమూనా సరిపోతే ఎంచుకున్న టైల్ పడుతుంది; ఒకటికన్నా ఎక్కువ టైల్స్ ఎంచుకుంటే వాటిలోంచి ఒకటి యాదృచ్ఛికంగా పడుతుంది. రూల్స్ ఒక్కొక్కటిగా రాసే ఓపిక లేనివాళ్ళకి అసిస్టెంట్ ఉంది: ఏ అంచుకి ఏ టైలో చూపిస్తే రూల్స్ గుంపు అదే తయారుచేస్తుంది, తర్వాత సవరించుకోవచ్చు. మొదటి ప్రాజెక్టుకి మాత్రం చేత్తో రాయడమే మేలు. అసిస్టెంట్ ఇచ్చిన రూల్స్ ఎందుకు అలా ఉన్నాయో తెలియకపోతే తర్వాత చెడినప్పుడు సరిచేయడం కష్టం.

ఎన్ని టైల్స్ గీయాలి?

గడి చుట్టూ ఎనిమిది పొరుగులు కాబట్టి లెక్క ప్రకారం 256 పరిస్థితులు. రెండు పక్కలూ గోడ అయితేనే వాటి మధ్య మూలని లెక్కలోకి తీసుకుంటే ఇవి 47కి తగ్గుతాయి. చాలామంది ఆర్టిస్టులు ఈ 47 అంకె చూసే ఆటోటైలింగ్ జోలికి పోరు. నిజానికి 47 గీయక్కర్లేదు.

మామూలు ప్లాట్‌ఫార్మర్ గోడకి కావాల్సినవి ఇవి: లోపలి నింపుడు 1, అంచులు 4, బయటి మూలలు 4, లోపలి మూలలు 4, ఒక గడి మందం ఉన్న అడ్డ పలకకి 3, ఒక గడి మందం నిలువు స్తంభానికి 3, ఒంటరి గడికి 1. మొత్తం 20. రూల్‌కి అడ్డంగా (అద్దంలో కనిపించినట్టు) తిప్పే సెట్టింగ్ ఆన్ చేస్తే కుడి-ఎడమ జతలు ఒకటైపోయి 14 రూల్స్‌తో పని అయిపోతుంది. అయితే మీ బొమ్మల్లో వెలుగు ఎడమ పైనుంచి పడుతుంటే తిప్పిన టైల్‌లో నీడ తప్పు వైపు పడుతుంది. అలాంటి టైల్‌సెట్‌కి (టైల్స్ అన్నీ ఉన్న బొమ్మకి) ఈ సదుపాయం వాడకూడదు. ఇంకో మాట: ఎల్‌డీటీకే టైల్స్‌ని అడ్డంగా, నిలువుగా తిప్పగలదు గానీ 90 డిగ్రీలు తిప్పలేదు. కాబట్టి పై అంచునే తిప్పి పక్క అంచుగా వాడుకుందామంటే కుదరదు, పక్క అంచుని విడిగా గీసి టైల్‌సెట్‌లో పెట్టాలి.

మిగిలిన 27 ఏమిటంటే, లోపలి మూలలు అంచులతోనో, ఒకదానితో ఒకటో కలిసిన రకాలు. ఒక స్తంభం నేలని కలిసే చోట, నాలుగు సొరంగాలు కలిసే చోట ఇవి బయటపడతాయి. వీటికి చక్కటి ఉపాయం ఉంది. నాలుగు లోపలి మూలల్నీ నింపుడు టైల్స్‌గా కాక, మిగతాదంతా పారదర్శకంగా ఉండి మూల మాత్రమే కనిపించే ముక్కలుగా గీయండి. వాటిని పైన వేరే ఆటో-లేయర్‌లో పెట్టండి. కింది లేయర్‌లో పైన, కింద, కుడి, ఎడమ పొరుగుల్ని మాత్రమే చూసే 16 టైల్స్. పైన 4 ముక్కలు. ఈ 20తో 47 పరిస్థితులూ వచ్చేస్తాయి. ఒక్క షరతు: పై లేయర్ రూల్స్‌లో బ్రేక్ ఆన్ మ్యాచ్ (ఒక రూల్ సరిపోగానే ఆ గడికి కింది రూల్స్‌ని ఆపే సెట్టింగ్) ఆపేయాలి. లేకపోతే ఒకే గడిలో రెండు మూలలు రావాల్సిన చోట మొదటిది పడి రెండోది ఆగిపోతుంది.

రూల్స్ వరస, తప్పిపోయే చోట్లు

ఎల్‌డీటీకే రూల్స్‌ని పైనుంచి కిందికి చూస్తుంది. బ్రేక్ ఆన్ మ్యాచ్ ఉన్న రూల్ సరిపోతే ఆ గడికి కింది రూల్స్ ఇక వర్తించవు. కాబట్టి ఎక్కువ షరతులున్నవి పైన, తక్కువ షరతులున్నవి కింద ఉండాలి: ఒంటరి గడి, సన్న పలకలు, బయటి మూలలు, అంచులు, లోపలి మూలలు, చివరికి నింపుడు. మూల రావాల్సిన చోట అంచు కనిపిస్తోందంటే పదికి తొమ్మిదిసార్లు కారణం వరసే. అంచు రూల్ మూల రూల్ కన్నా పైన కూర్చుని ఉంటుంది.

నింపుడుని 1×1 రూల్‌గా రాసి అట్టడుగున పెట్టడం అందరూ చేసేదే, కానీ అది తప్పుల్ని దాచేస్తుంది. ఏ రూలుకీ చిక్కని గడి కూడా నింపుడులాగే కనిపించి, ఆట విడుదలయ్యాక ఎవరి స్క్రీన్‌షాట్‌లోనో బయటపడుతుంది. దానికి బదులు నింపుడుని నాలుగు పక్కలా గోడ ఉండాలని 3×3లో రాయండి. దాని కింద చివరి రూల్‌గా 1×1లో కళ్ళు చెదిరే గులాబీ రంగు టైల్ పెట్టండి. రూల్ లేని ప్రతి గడీ గీస్తుండగానే గులాబీగా అరుస్తుంది.

వాలు నేలల దగ్గర వచ్చే తప్పు ఇంకా మొండిది. వాలుకి ఇంట్‌గ్రిడ్‌లో వేరే అంకె ఇస్తాం, 5 అనుకోండి. పై అంచు రూల్‌లో "పైన 1 ఉండకూడదు" అని రాసి ఉంటే, పైన ఉన్న 5 కూడా ఆ షరతుకి సరిపోతుంది. దాంతో వాలు కింద, మట్టిలో ఉండాల్సిన గడి మీద కూడా గడ్డి మొలుస్తుంది. "పైన ఖాళీ ఉండాలి" అని మారిస్తే ఆ తప్పు పోతుంది గానీ ముళ్ళు పెట్టిన చోట గడ్డి అంచు మాయమవుతుంది, ఎందుకంటే పైన 3 ఉంది, ఖాళీ లేదు. సరైన మందు ఇంట్‌గ్రిడ్ అంకెల్ని గుంపులుగా కట్టడం: గోడ, వాలు రెండూ ఘనపదార్థం అనే గుంపులో వేసి, రూల్‌లో "పైన ఈ గుంపు ఉండకూడదు" అని రాయాలి. అంకెలు పది దాటకముందే ఈ గుంపులు ఏర్పాటు చేసుకోండి. తర్వాతైతే రూల్స్ అన్నీ తిరగరాసుకోవాల్సి వస్తుంది.

లెవెల్ అంచు మరో తలనొప్పి. నమూనాలో కొన్ని గడులు లెవెల్ బయట పడితే వాటిని ఏమనుకోవాలో ప్రతి రూల్‌కీ ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని ముట్టుకోకపోతే అంచుల దగ్గర 3×3 రూల్స్ పనిచేయవు, అక్కడి టైల్స్ మాయమవుతాయి. బయటంతా గోడ అని పెడితే గోడలు చక్కగా అతుక్కుంటాయి. కానీ అదే సెట్టింగ్‌ని అలంకరణ రూల్స్‌కీ పెట్టారో, దొరికిపోతారు: "ఎడమన గోడ ఉన్న ఖాళీ గడిలో తీగ వేలాడాలి" అన్న రూల్, పక్క గదికి వెళ్ళే దారిలో కూడా ఎడమన గోడ ఉందనుకుని గుమ్మం మధ్య గాల్లో తీగ వేస్తుంది. గోడ రూల్స్‌కి బయట గోడ అని పెట్టండి. తీగలు, దీపాలు, గడ్డిపోచల రూల్స్‌కి ఆ సెట్టింగ్‌ని తాకకండి. గదులు పక్కపక్కన ఉన్నా రూల్స్ పొరుగు లెవెల్ లోపలికి చూడవు. ప్రపంచమంతా గదులుగా అతికే గ్రిడ్‌వేనియా పద్ధతి వాడేవాళ్ళకి ఇదే పెద్ద కొరత.

అలంకరణ

ఈ టూల్ సరదా అంతా ఇక్కడుంది. రూల్‌కి శాతం ఇవ్వొచ్చు: నేల మీది ఖాళీ గడుల్లో 15 శాతం చోట్ల గడ్డిపోచ. పెర్లిన్ నాయిస్ ఆన్ చేస్తే చుక్కలు చల్లినట్టు కాకుండా గుబుర్లుగా వస్తుంది. నాచు, రాతి పగుళ్ళకి ఇది బాగా నప్పుతుంది. టైల్‌ని గడిలో కొన్ని పిక్సెళ్ళు అటూ ఇటూ జరిపే సెట్టింగ్ ఉంది. రెండు పిక్సెళ్ళు జరిపినా గళ్ళ వాసన పోతుంది.

ఒక గడి కన్నా పెద్ద వస్తువుల్ని స్టాంప్ పద్ధతిలో, అంటే వాటి టైల్స్ అన్నీ ఒకేసారి గుంపుగా, వేస్తారు. 2 గడుల వెడల్పు, 3 గడుల ఎత్తు స్తంభానికి శాతం మాత్రమే ఇస్తే రెండు స్తంభాలు ఒకదానిమీదొకటి ఎక్కేస్తాయి, ఎందుకంటే పక్క గడిలో ఏం పడిందో రూల్‌కి తెలియదు, అది అంకెల్నే చూస్తుంది. అడ్డంగా మాడ్యులో 3 పెడితే ప్రతి మూడో నిలువు వరసలో మాత్రమే ప్రయత్నిస్తుంది, ఢీకొనవు. వరస బారులు తీరినట్టు కనిపిస్తే శాతాన్ని 40కి దించండి.

యాదృచ్ఛికం అన్నా ప్రతిసారీ మారదు. సీడ్ సంఖ్య (యాదృచ్ఛిక ఎంపికకి మొదలుగా తీసుకునే అంకె), గడి స్థానం కలిపి లెక్క కడుతుంది కాబట్టి ఫైల్ మూసి తెరిచినా అదే గడ్డి అక్కడే ఉంటుంది. అయితే లెవెల్‌ని ఎడమ వైపు పొడిగిస్తే అన్ని గడుల స్థానాలూ మారి అలంకరణ మొత్తం కొత్తగా పరుచుకుంటుంది. స్క్రీన్‌షాట్లు తీసేశాక ఇలా చేయకండి.

రెండో బయోమ్‌కి, అంటే అడవి తర్వాత గుహకి, రూల్స్ మళ్ళీ రాయనక్కర్లేదు. గుహ టైల్‌సెట్‌ని అడవి టైల్‌సెట్ అమరికలోనే గీయిస్తే ఆ లెవెల్‌లో లేయర్ టైల్‌సెట్ మార్చడమొక్కటే పని. అమరిక వేరైతే రూల్ గుంపుని ఐచ్ఛికం చేసి లెవెల్ వారీగా ఆన్ చేసుకోవచ్చు. చేత్తో ఒక్క టైల్ మార్చాలనిపిస్తే మాత్రం ఆటో-లేయర్ మీద కుదరదు. పైన మామూలు టైల్స్ లేయర్ పెట్టి అందులో వేయాలి. ఇది చిరాకే, కానీ సబబైన చిరాకు.

ఇంజన్‌లోకి తీసుకెళ్ళడం

జేసన్ చదవడం తేలిక. గోడల సమాచారం ఇంట్‌గ్రిడ్‌సీఎస్‌వీ అనే ఒకే పొడుగు వరసలో ఉంటుంది, పై అడ్డ వరసతో మొదలై. లెవెల్ వెడల్పు 40 గడులైతే 125వ సూచీలోని అంకె స్థానం: 125ని 40తో భాగిస్తే భాగఫలం 3, శేషం 5. అంటే ఎడమనుంచి 5, పైనుంచి 3, రెండూ సున్నానుంచి లెక్క. గడి 16 పిక్సెళ్ళైతే అది 80, 48 దగ్గర మొదలవుతుంది. గీయాల్సిన టైల్స్ ఆటోలేయర్‌టైల్స్ అనే జాబితాలో ఉంటాయి: ఎక్కడ గీయాలి, టైల్‌సెట్‌లో ఎక్కడినుంచి తీయాలి, తిప్పాలా అన్నవి. తిప్పడం 0 నుంచి 3 వరకు: 1 అడ్డంగా, 2 నిలువుగా, 3 రెండూ. జాబితా గీయాల్సిన వరసలోనే వస్తుంది, కింద ఉండాల్సినవి ముందు. అపారదర్శక టైల్ వెనక దాగిపోయేవాటిని ఎడిటరే తీసేస్తుంది.

ఢీకొనే పెట్టెల్ని టైల్స్ జాబితానుంచి తయారుచేయకండి, ఇంట్‌గ్రిడ్ నుంచే చేయండి. అలాగే గడికొక పెట్టె పెట్టకండి: ఫిజిక్స్ ఇంజన్ వాడే ఆటల్లో చదునైన నేల మీద పరిగెత్తే హీరో, రెండు పెట్టెలు కలిసే గీత దగ్గర తట్టుకుని ఆగిపోతాడు. ఒకే వరసలో పక్కపక్కనున్న గోడ గడుల్ని ఒక పొడుగు పెట్టెగా కలపండి. కింది వరసలో అదే చోట, అదే వెడల్పులో పెట్టె వస్తే పైదానితో కలపండి. ఇరవై ముప్ఫై లైన్ల కోడ్. కెమెరా జరుగుతుంటే టైల్స్ మధ్య సన్న గీతలు మెరుస్తున్నాయంటే తప్పు ఎల్‌డీటీకేది కాదు, టైల్‌సెట్‌లో పక్క టైల్ రంగు కారుతోంది. ప్రతి టైల్ అంచు పిక్సెళ్ళని ఒక పిక్సెల్ బయటికి పొడిగించి, ఆ ఎడాన్ని టైల్‌సెట్ సెట్టింగుల్లో ప్యాడింగ్, స్పేసింగ్‌గా చెప్పండి.

అసలు పరిమితి ఇది: టైల్స్ ఎడిటర్‌లోనే లెక్కకట్టి ఫైల్‌లో రాసేస్తుంది. ఆటలో బాంబు పెట్టి గోడ పగలగొడితే చుట్టూ అంచులు వాటంతటవే మారవు. స్పెలంకీ తరహాలో, అంటే 10×8 గడుల గదుల్ని 4×4గా ఆటలోనే అతికే పద్ధతిలో, గది గదికీ మధ్య అంచులు కలవవు. ఇలాంటి ఆటలకి ఎల్‌డీటీకే నుంచి ఇంట్‌గ్రిడ్ మాత్రమే తీసుకుని, అతికాక మీ కోడ్‌లోనే టైల్స్ తేల్చుకోవాలి. పైన గోడ ఉంటే 1, కుడిన 2, కింద 4, ఎడమన 8. కూడితే 0 నుంచి 15లోపు అంకె వస్తుంది, అదే పైన చెప్పిన 16 టైల్స్‌లో ఏదో చెప్తుంది. ఒక గడి పగిలితే దాన్నీ చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ కలిపి 9 గడులు మళ్ళీ లెక్కకట్టాలి. ఎల్‌డీటీకే రూల్స్ కూడా జేసన్‌లోనే ఉంటాయి కదా, వాటినే ఆటలో నడిపిద్దామన్న ఆశ వద్దు. అవి ఎడిటర్ సొంత వాడకానికి ఉద్దేశించినవి.

టైల్డ్‌తో పోలిస్తే

టైల్డ్ ఇంకో ఉచిత మ్యాప్ ఎడిటర్. రూల్స్‌తో టైల్స్ పరిచే దాని ఆటోమ్యాపింగ్‌కి బలం ఎక్కువ. ఒక రూల్ ఎన్నో లేయర్లని చదివి ఎన్నో లేయర్లలోకి రాయగలదు, వస్తువుల్ని కూడా పెట్టగలదు. ఐసోమెట్రిక్, షడ్భుజి గడులు టైల్డ్‌లో ఉన్నాయి, ఎల్‌డీటీకేలో లేవు. కానీ టైల్డ్ రూల్స్ వేరే మ్యాప్ ఫైళ్ళలో, ఇన్‌పుట్, అవుట్‌పుట్ అన్న పేర్లతో మొదలయ్యే లేయర్లలో రాయాలి. ఏ ఫైళ్ళు వాడాలో ఇంకో టెక్స్ట్ ఫైల్‌లో చెప్పాలి. రెండు రూల్స్ మధ్య ఒక ఖాళీ గడి వదలడం మర్చిపోతే రెండూ కలిసి ఒకే పెద్ద రూల్ అయిపోయి ఎక్కడా సరిపోవు. ఏ హెచ్చరికా లేకుండా ఏమీ జరగదు. పైగా అది వేసిన టైల్స్ మామూలు లేయర్‌లోనే ఉండిపోతాయి. రూల్ తీసేసినా పాత టైల్స్ అలాగే మిగులుతాయి. గడి మార్చిన ప్రతిసారీ అంతా మళ్ళీ పుట్టే ఎల్‌డీటీకే పద్ధతి ప్లాట్‌ఫార్మర్‌కి సౌకర్యం. గోడో 4 అనే గేమ్ ఇంజన్‌లో టైల్స్‌ని తనంతట తానే కలిపే టెర్రైన్స్ సదుపాయం చిన్న ఆటకి చాలు, వేరే టూల్ గొడవ ఉండదు. అయితే కావాల్సిన టైల్ లేకపోతే దగ్గరగా ఉన్నది వేసేస్తుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు.

ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే చోట లెవెళ్ళని విడి ఫైళ్ళుగా సేవ్ చేసే ఆప్షన్ మొదటి రోజే ఆన్ చేయండి, జేసన్‌ని కుదించే ఆప్షన్ ఆపేయండి. అప్పుడే గిట్‌లో (ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే టూల్‌లో) మార్పులు చదవగలరు. లేయర్లు, ఎంటిటీలు (హీరో, శత్రువుల్లాంటివి), రూల్స్ మార్చే హక్కు ఒక్కరికే ఉండాలి. కొత్త నిర్వచనాలకి నంబర్లు ప్రాజెక్ట్ ఫైల్‌లోని ఒకే లెక్కనుంచి వస్తాయి. ఇద్దరూ వేర్వేరు బ్రాంచిల్లో చెరో లేయర్ చేరిస్తే రెండింటికీ ఒకే నంబర్ పడి, కలిపేటప్పుడు గందరగోళమవుతుంది. కొత్త వెర్షన్ వచ్చిందని వెంటనే ఎక్కించకండి. కొత్తదాంట్లో సేవ్ చేసిన ప్రాజెక్ట్ కొత్త ఫార్మాట్‌కి మారిపోతుంది, మీ ఇంజన్‌లోని ఇంపోర్టర్ (ఆ ఫైల్‌ని చదివే కోడ్) ఇంకా పాతదే చదువుతుంటే లెవెళ్ళు తెరుచుకోవు. ముందు ప్రాజెక్ట్ నకలు తీసి, ఇంపోర్టర్ ఏ వెర్షన్ వరకు సరిపోతుందో చూసి, ఒక లెవెల్ ఆడి చూశాకే మిగతా టీమ్‌కి చెప్పండి.